గాజు టేబుల్ దగ్గర మూడు రోజులు

"రేపట్నుంచి రావక్కర్లేదంట."

వదిన ఆ మాటంటూనే గుమ్మంలో ఒక చెప్పు విప్పింది. రెండోది విప్పడం మర్చిపోయి అలాగే లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది.

పొద్దున్న తొమ్మిదిన్నర. ఆ వేళకి వదిన ఇంట్లో ఉండడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఇరవై ఒక్క ఏళ్ళుగా, ఆదివారం తప్పిస్తే, ఎనిమిది కొట్టేసరికి లాండ్రీలో ఉండే మనిషి. ఒంటిమీద నీలం ఏప్రన్ ఇంకా అలాగే ఉంది. ఒళ్ళో మూత తియ్యని టిఫిన్ డబ్బా.

"ఎవరు రావక్కర్లేదంట?" చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి చెల్లెలు వచ్చింది. అంటే మన మేజర్ భార్య.

"నేను. నాతోపాటు మా ముగ్గురూ. అసలు మా టేబులే ఎత్తేస్తారంట. దుప్పట్లు మడతపెట్టేవాళ్ళే చిరుగులు కూడా చూసుకుంటారంట."

"ఎవడన్నాడామాట?"

"ఎవడో రిపోర్టు రాశాడంట. చదువుకున్నవాడు."

"వాడి చదువు తగలెయ్య! వాడి చేతులు పడిపోను! ఇరవై ఒక్క ఏళ్ళ మనిషిని కాయితమ్ముక్క మీద గీత గీసి తీసేస్తాడా? వాడికి అక్కాచెల్లెళ్ళు లేరా?"

లోపలి గదిలో అద్దం ముందు నిలబడి శుక్రవారం క్లాసులో చదవాల్సిన ఉపన్యాసం వల్లిస్తున్న మేజర్ గొంతు టక్కున ఆగిపోయింది.

పోయినవారం భాగంలో మనం ఆయన్ని ఆ అద్దం ముందే వదిలాం. పంతొమ్మిదేళ్ళు యూనిఫాం వేసుకుని, నూట ఇరవై మంది చేత సెల్యూట్ కొట్టించుకుని, నలభై మూడో ఏట బయటికొచ్చి, మేనేజ్‌మెంట్ కాలేజీలో ఇరవై మూడేళ్ళ పిల్లల పక్కన బెంచీ మీద కూర్చున్న మనిషి. మొదటి టర్ములో క్లాసు మొత్తానికీ ఆఖరి నంబరు. ఆయన రాసిన మొదటి వ్యాసం ప్రొఫెసరు పైకి చదివి, "ఇది వ్యాపారానికి సలహాలా ఉందా, బెటాలియన్‌కి ఆర్డరులా ఉందా?" అని అడిగితే వెనకబెంచీ పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. అలాంటి మనిషికి ప్రాజెక్టు చెయ్యడానికి ఏ కంపెనీ తలుపూ తెరుచుకోకపోతే, తెరిపించింది ఎవరంటారు? ఈ వదినే. భార్యకి తోడబుట్టిన అక్క. ఓనరు గదిలోకి వెళ్ళి, ఏప్రన్ కొసలు నలుపుకుంటూ, "మా మరిది మేజరండీ, పెద్ద చదువు చదువుతున్నారు, ఒక్క నెల మన లాండ్రీలో తిరగనివ్వండి" అని అడిగింది.

ఆ చదువుకున్నవాడు ఎవరో, ఇక చెప్పక్కర్లేదుగా.

"మరిదిగారూ!" వదిన పిలిచింది.

మేజర్ బయటికి రాక తప్పలేదు. ఇస్త్రీ చొక్కా, నున్నటి గడ్డం, వెన్ను నిటారు. కళ్ళు మాత్రం వదిన కాలికి మిగిలిపోయిన ఆ ఒంటి చెప్పు మీద ఉన్నాయి.

"విన్నారా?"

"విన్నాను వదినా."

"మీరొకసారి నాతో రండి. ఓనరుగారికి మీరంటే గౌరవం. మీరు చదివేది కూడా ఇదేగా. ఆ రిపోర్టు రాసినవాడికి బుర్ర లేదని ఆయనకి అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పండి."

"ఇవాళ నాకు..."

"వెళ్ళండీ," భార్య మధ్యలోనే అందుకుంది. "ఆ ఉపన్యాసం ఎక్కడికీ పారిపోదు. మీరు ఎక్కడో కొండలమీద ఉన్నప్పుడు, నేను జ్వరంతో ఒళ్ళు కాలి మంచంలో పడుంటే, నా నోట్లో ఇంత గంజి పోసింది ఎవరు? ఒక్క మాట మాట్లాడి రావడానికి కూడా తీరిక లేదా?"

మేజర్ బూట్లు వేసుకున్నాడు. లేసులు కట్టుకోడానికి మామూలుగా పట్టే దానికి మూడింతలు పట్టింది.

*

లాండ్రీ ఇంటికి రెండు వీధుల అవతలే. ఊళ్ళో ఆస్పత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు అన్నీ అక్కడికే వస్తాయి. గేటు దగ్గరే వేడి ఆవిరి, సబ్బు వాసన మొహాన కొడతాయి. ఉతికే మిషన్లు, పిండే మిషన్లు, ఇద్దరు మనుషులంత పొడుగున్న ఇస్త్రీ రోలరు, అవి దాటాక గాజు టేబుల్.

టేబుల్ పైన గాజు, కింద ట్యూబులైట్లు. ఇస్త్రీ అయిన దుప్పటి దానిమీద పరిస్తే సూదిమొనంత చిల్లున్నా వెలుగు పొడుచుకొస్తుంది. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు ఆడవాళ్ళు. చిరుగు కనబడితే ఎర్రదారంతో ఒక కుట్టు వేసి పక్కన పడేస్తారు, అది రిపేరుకి పోతుంది. వదిన ఆ టేబుల్‌కి పెద్ద.

ఇవాళ గాజు కింద లైట్లు వెలగడం లేదు.

దారి పొడుగునా వదిన మాట్లాడుతూనే ఉంది. "మీరేం భయపడకండి. ఓనరు చెడ్డమనిషి కాదు. ఎవడో చెవిలో ఊదాడు. మీరు రాసిన నీళ్ళూ, సబ్బూ లెక్క ఆయనకి నచ్చిందంటగా. అది గుర్తుచెయ్యండి ముందు."

నీళ్ళూ, సబ్బూ లెక్క. నెలకిందట వదిన "ఏం రాశారు మరిదిగారూ?" అని అడిగినప్పుడు మేజర్ చెప్పిన మాట అది. అబద్ధం కాదు. రిపోర్టులో మొదటి పన్నెండు పేజీలూ నీళ్ళూ, సబ్బూ, కరెంటే. పదమూడో పేజీ సంగతి చెప్పలేదు, అంతే.

ఓనరు ఆయన్ని చూడగానే కుర్చీలోంచి లేచాడు. "రండి రండి మేజర్‌గారూ! నేనే ఫోన్ చేద్దామనుకుంటున్నా." వెనకాలే వదినని చూసి కొంచెం తగ్గాడు. "అమ్మా, మీరొక్క నిమిషం బయట కూర్చోండి."

వదిన మేజర్ వైపు చూసి, ధైర్యం చెబుతున్నట్టు తలూపి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. ధైర్యం ఆవిడ ఆయనకి చెప్పింది!

"మా వదినగారి విషయం..." మేజర్ మొదలెట్టాడు.

"నాకు తెలుసండీ. దాని గురించే చెబుతున్నా." ఓనరు సొరుగులోంచి రిపోర్టు తీశాడు. పదమూడో పేజీ కొస మడిచి ఉంది. "ఇది చదివి రెండ్రోజులు ఆలోచించా. మీరు మీ మనిషి ఉన్న టేబులే తీసెయ్యమన్నారు. ఇంకొకడైతే మెల్లిగా దాటేసేవాడు. మీరు దాటెయ్యలేదు. అది చూశాకే అనుకున్నా, నాకు కావలసిన మేనేజరు ఈయనే అని."

మేజర్ ఆ మడిచిన కొస వైపు చూశాడు.

"వచ్చేనెల నుంచి రండి. కాలేజీ వాళ్ళతో నేను మాట్లాడతా. శుక్రవారం నన్నూ పిలిచారుగా మీ ప్రొఫెసరుగారు, అక్కడే అందరి ముందూ చెబుదామనుకున్నా."

ఏడాదిన్నరగా ఏ మాట కోసం ఆ మనిషి నిద్ర మానుకుని చదివాడో, ఆ మాట వచ్చింది. ఎలా వచ్చిందో చూడండి. తలుపు సందులోంచి నీలం ఏప్రన్ అంచు కనబడుతుండగా వచ్చింది.

"ఆవిడకి తెలుసా? మీరు రాశారని?" ఓనరు గొంతు తగ్గించాడు.

"లేదండీ."

ఓనరు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూశాడు. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. "సరే. నా నోట్లోంచి రాదు. ఆవిణ్ణి మడత దగ్గరికి మారుస్తాను. మీ మొహం చూసి ఆ ఒక్కటీ చేస్తా."

"మిగతా ముగ్గురూ?"

"మీ రిపోర్టు ప్రకారమే కదండీ వెళుతున్నాం. గంటకి రెండొందల అరవై దుప్పట్లు చూస్తున్నారని మీరే లెక్క కట్టారు. అంత తేలికైన పనైతే మడతపెట్టేవాళ్ళే చేస్తారుగా." రిపోర్టు మీద వేలు పెట్టి, మామూలుగానే అడిగాడు. "ఏం, లెక్కలో తప్పేమైనా ఉందా? ఉంటే చెప్పండి. ఇప్పుడే ఆపేస్తా."

నిజంగానే అడిగాడు పాపం. అందులో వెటకారం లేదు.

బయట రోలరు తిరుగుతున్న చప్పుడు. మేజర్ తలుపు సందు వైపు ఒకసారి చూశాడు.

"లేదండీ," అన్నాడు.

*

గేటు దగ్గర వదిన టేబుల్ ముగ్గురూ నిలబడి ఉన్నారు. కళ్ళద్దాలావిడ, పొడుగావిడ, ఇంకొకామె పేరు ఎవరికీ అక్కర్లేదు, లాండ్రీ అంతా ఆమెని నవ్వులమ్మ అంటారు. ఆమె కూడా ఇవాళ నవ్వడం లేదు.

"నాకు మడత దగ్గర ఇచ్చారే!" వదిన దూరం నుంచే చెప్పేసింది. చెప్పాక వాళ్ళ మొహాలు చూసి గొంతు తగ్గించింది. "మా మరిది వెళ్ళి మాట్లాడారు. పది నిమిషాల్లో మాట తిప్పించారు. మీ గురించి కూడా మాట్లాడారు. కదండీ?"

"అడిగాను," అన్నాడు మేజర్.

"ఏమన్నారు బాబూ?" కళ్ళద్దాలావిడ చేతులు జోడించింది. ఆవిడ ఆయన కంటే పదేళ్ళు పెద్ద. ఆ జోడించిన చేతులు చూసి మేజర్‌కి తల తీసేసినట్టయింది.

"చూద్దాం. ఆయన ఆలోచిస్తారు."

"బాబుగారు చూస్తారులే," నవ్వులమ్మ అంది. "మన కష్టం ఆయనకి తెలీదా? మూడు రోజులు పక్కనే నిలబడ్డారుగా గడియారం పట్టుకుని. అబ్బో, ఆ మూడు రోజులూ ఈవిడ మమ్మల్ని ఏం తోలిందో తెలుసా బాబూ?" వదిన వైపు చెయ్యి చూపించింది. "'మా మరిది పరీక్షే, మన టేబుల్ పేరు నిలబెట్టాలే' అని ఒకటే గోల. మంచినీళ్ళకి వెళ్ళనిస్తే ఒట్టు. ఇంకో దానికి కూడా వెళ్ళనివ్వలేదు, అది మీకు చెప్పకూడదులెండి."

"ఊరుకోవే!" వదిన సిగ్గుపడింది.

"నాలుగో రోజు నేను నడుం పట్టేసి మంచం దిగలేదు," పొడుగావిడ అంది. "సగం దుప్పట్లు చూడకుండానే తోసేశాం. పై వారం ఆస్పత్రివాళ్ళు ఒక మూట తిరక్కొట్టారు కూడా. అయినా బాబుగారి మార్కుల కోసమేగా అనుకున్నాం."

మేజర్ గేటు ఊచ పట్టుకున్నాడు. ఎండకి కాలుతోంది. అయినా వదల్లేదు.

"ఓనరుగారికి ఒక అర్జీ రాసిపెట్టండి బాబూ," అంది కళ్ళద్దాలావిడ. "ఓ గంటలో ఇంటికొస్తాం. మీరు చెబుతుంటే నేను రాసుకుంటా. నా దస్తూరీ బావుంటుంది."

"రండే, రండి," వదినే జవాబిచ్చింది. "మా మరిది రాయిస్తారు."

*

ఇంటికొచ్చాక వదిన మొహం కడుక్కోడానికి పెరట్లోకి వెళ్ళింది. వెళుతూ చెల్లెలికి చెప్పింది, "నువ్వు చూసుండాల్సిందే. మీ ఆయన లోపలికి వెళ్ళడం ఎలా వెళ్ళారనుకున్నావ్! ఓనరు లేచి నిలబడ్డాడు."

చెల్లెలి చేతిలో మేజర్ ఫోను ఉంది. ఇందాక బల్లమీద మర్చిపోయి వెళ్ళాడు ఆయన.

పెరటి తలుపు మూసుకున్నాక అంది.

"లెక్కల పిల్ల ఫోన్ చేసింది."

లెక్కల పిల్లంటే ఆయన క్లాసులో జట్టుమనిషి. ఇరవై నాలుగేళ్ళు. ఈయన గడియారం పట్టుకుని రాసిన అంకెల్ని కంప్యూటర్లోకి ఎక్కించింది ఆమే.

"ఏమంది?"

"'ఆంటీ, మన రిపోర్టుకి మొదటి స్థానం వచ్చింది, సార్‌కి చెప్పండి' అంది. 'ఆ చెకింగ్ టేబుల్ తీసెయ్యాలన్న ముక్క ప్రొఫెసరుగారు క్లాసులో చదివి వినిపించారు' అంది. చాలా సంబరంగా చెప్పింది పాపం. నేను కంగ్రాట్స్ చెప్పా."

మేజర్ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"నీళ్ళూ, సబ్బూ అన్నారు మాతో."

"అవి కూడా ఉన్నాయి."

"పొద్దున్న నేను వాడి చేతులు పడిపోను అన్నాను. మీరు ఆ గదిలోంచి వింటూనే ఉన్నారు."

మేజర్ ఆ కుర్చీని బల్ల కిందికి తోశాడు.

"రాసేటప్పుడు అక్క గుర్తురాలేదా మీకు?"

"మాలో... ఆర్మీలో ఒకచోట మనుషులు ఎక్కువైతే తీసి ఇంకోచోటికి పంపిస్తారు. ఇంటికి పంపరు. ఆ అలవాటులో..."

"ఆపండి. మా అక్కని ఏ బోర్డరుకి పంపిస్తారనుకున్నారు? మరి ఏడాదిన్నరగా చదువుతున్నది ఏంటి? ఈమాత్రం నేర్పలేదా?"

నేర్పారు. మొదటి నెల్లోనే నేర్పారు. అది ఆయనకీ తెలుసు. అందుకే ఆ మాట సగంలోనే ఆగిపోయింది.

"ఇంకొకటి అడుగుతా, నిజం చెప్పండి." ఆమె గొంతు ఇంకా తగ్గింది. గొంతు తగ్గేకొద్దీ ఆ మాట పదునెక్కుతోంది. "నేను మీతో క్వార్టర్స్‌లో ఉన్నది రెండేళ్ళే. ఆ రెండేళ్ళలో పెద్ద దొర ఇన్‌స్పెక్షన్‌కి వచ్చాడు. వారం ముందునుంచీ మీరు రాళ్ళకి సున్నం కొట్టించారు. గడ్డికి రంగు వేయించారు. ఆయన వెళ్ళిపోయాక మీరూ, మీ స్నేహితుడూ కుర్చీల్లో కూర్చుని నవ్వారు. 'చూసి వెళ్ళిందంతా నిజమనుకున్నాడు' అని. అవునా?"

"అవును."

"మరి మీరు గడియారం పట్టుకుని నిలబడితే వాళ్ళు రోజూలాగే చేస్తారని ఎలా అనుకున్నారు?"

పెరట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు వినబడుతోంది.

"అనుకోలేదు," అన్నాడు చివరికి. "మూడోరోజు ఒక చిరుగు దుప్పటి నా కళ్ళముందే దాటిపోయింది. చెయ్యి పట్టేంత చిరుగు. ఎవరూ ఆపలేదు. నేను చూశాను. చూసి గడియారం నొక్కాను. ఆ అంకె చాలా బాగా వచ్చింది. అలాంటి అంకె ఉంటేనే రిపోర్టు రిపోర్టులా ఉంటుంది అనిపించింది. వెనకబెంచీవాళ్ళ నవ్వు ఇంకా నా చెవుల్లోనే ఉంది అప్పటికి."

"పిల్లలు నవ్వారనా!"

"పిల్లలు నవ్వారనే."

ఇంతకంటే పెద్ద కారణం ఇంకోటి దొరుకుతుందేమో అని ఆయన లోపల వెతుక్కుంటున్నట్టు ఉంది మొహం.

"ఓనరు నాకు ఉద్యోగం ఇస్తానన్నాడు. మేనేజరుగా. వచ్చేనెల నుంచి."

ఆమె చప్పున తలెత్తింది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె కళ్ళలోకి ఒక వెలుగు వచ్చింది. ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్న మాట ఆమెకి కూడా అదే కదా. ఆ వెలుగు ఆయన చూశాడు. ఆయన చూడడం ఆమె చూసింది.

"ఛీ," అని ఆమె మొహం పక్కకి తిప్పేసుకుంది. "నన్ను కూడా మీలాగ చేశారు కదండీ."

పెరట్లో నీళ్ళు ఆగిపోయాయి.

"మీరు చెబుతారా, నేను చెప్పనా?"

*

వదిన పెరటి గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని బొటనవేలు రుద్దుకుంటోంది. దుప్పటి అంచులు లాగి లాగి ఆ వేలు ఒక పక్కకి ఒరిగిపోయింది. మేజర్‌ని చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చోలేదు. మడమలు కలిపి, చేతులు పక్కలకి ఆన్చి నిలబడ్డాడు. ఆయనకి తెలియకుండానే అలా నిలబడ్డాడు.

"వదినా, ఆ రిపోర్టు రాసింది నేనే."

"ఏ రిపోర్టు?"

"మీ టేబుల్ తీసెయ్యమన్నది."

వదిన నవ్వింది. "మీరు రాసింది నీళ్ళూ సబ్బూ కదా."

"చివర్లో ఇది కూడా రాశాను. మీకు చెప్పలేదు."

నవ్వు వెంటనే పోలేదు. మెల్లిగా, ఒక పక్కనుంచి మొదలై, పోయింది.

"ఆ మూడు రోజులూ మేం చేసినదాన్ని బట్టి రాశారా?"

"అవును."

"గంటకి ఎన్ని పడ్డాయి?"

"రెండొందల అరవై."

"మామూలుగా నూట యాభై దాటవు," వదిన తనలో తాను అనుకుంటున్నట్టు అంది. "నూట అరవై అయితే ఆ రోజు గొప్ప." ఆగింది. "అయితే వాళ్ళని ఇంటికి పంపించింది నేనా? నేనే కదా తోలింది వాళ్ళని. మంచినీళ్ళకి కూడా..."

"కాదు వదినా! తప్పంతా నాది. నేను..."

"మీరుండండి." చెయ్యెత్తి ఆపింది. కోపంగా కాదు. లెక్క తప్పకుండా ఎంచుకుంటున్న మనిషి మధ్యలో మాట్లాడొద్దని ఆపినట్టు. "మూడోరోజు ఒక చిరుగు దుప్పటి పోయింది. మీరు చూశారు. మీరు చూడడం నేను చూశాను."

మేజర్ చప్పున తలెత్తి ఆవిడని చూశాడు.

"మీరేమీ అనకపోతే నేనేమనుకున్నానో తెలుసా? 'మా మరిది ఎంత మంచివాడు, నలుగురిలో మా పరువు తియ్యలేదు' అనుకున్నాను. ఆ రాత్రి చెల్లికి కూడా చెప్పాను."

మేజర్ కళ్ళు నేల మీద వాలిపోయాయి. తిట్టినా బావుండేది. ఆవిడ ఏడ్చినా ఏదో ఒకటి చెయ్యడానికి ఉండేది. మంచినీళ్ళు తేవడమో, చేతులు పట్టుకోవడమో. ఆవిడ ఏమీ చెయ్యడం లేదు. బొటనవేలు రుద్దుకుంటూనే ఉంది.

"ఇవాళ ఓనరుతో ఏం మాట్లాడారు?"

ఇది చెప్పకుండా దాటెయ్యచ్చు. గదిలో ఉన్నది ఇద్దరే. ఆ ఓనరు నోట్లోంచి రాదు. ఆ ఆలోచన రావడమే ఆయనకి ఇంకో చెంపదెబ్బ.

"లెక్కలో తప్పుందా అని అడిగారు. ఉంటే ఇప్పుడే ఆపేస్తానన్నారు."

"మీరేమన్నారు?"

"లేదన్నాను."

వదిన చెయ్యి ఆగిపోయింది.

గుమ్మం అవతల చెల్లెలు నిలబడి ఉంది. ఆమె కూడా ఈ ముక్క ఇప్పుడే వింటోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పక్కింట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు. వీధిలో ఎవడో బండి ఆపి ఎవరినో పిలుస్తున్నాడు, పిలిచిన మనిషి పలకడం లేదు.

"మార్కులు వచ్చాయా?" అడిగింది వదిన.

మేజర్‌కి ఒక క్షణం అర్థం కాలేదు.

"మీ పరీక్ష. దానికి మార్కులు వచ్చాయా?"

"మొదటి స్థానం వచ్చింది."

"ఊఁ." పిల్లల మార్కుల కాగితం మీద సంతకం పెట్టే ముందు చూసినట్టు ఒకసారి తలూపింది. "ఇంకేం, మేం చేసినదానికి ఏదో ఒకటి వచ్చింది."

ఆవిడ ఈ మాట దెప్పిపొడవడానికి అనలేదు. అదే ఆయనకి మరీ భరించలేకుండా ఉంది.

"రేపు ఓనరు దగ్గరికి వెళ్ళి చెబుతాను వదినా. తప్పుందని చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ. మీరు మాత్రం ఆ మడత దగ్గర పని..."

"ఆ పనికి నేను వెళ్ళను."

"అక్కా!" గుమ్మంలోంచి చెల్లెలు.

"ఎలా వెళ్ళనే? అటు ముగ్గురినీ గేటు బయట నిలబెట్టి నేను లోపలికెళ్ళి దుప్పట్లు మడతపెట్టనా? పొద్దున్న వాళ్ళ ముందు ఎంత గొప్పగా చెప్పుకున్నానో తెలుసా? ఆ కళ్ళద్దాలావిడ మీ ఆయనకి దణ్ణం పెట్టింది."

వీధి తలుపు చప్పుడైంది.

మెల్లిగా, మర్యాదగా, రెండుసార్లు కొట్టారు. తరవాత నవ్వులమ్మ గొంతు వినబడింది. "ఏమండోయ్, ఉన్నారా? మేం వచ్చాం."

చెల్లెలు భర్త వైపు చూసింది. ఆయన వదిన వైపు చూశాడు. "ఇవాళ వద్దు వదినా," అన్నాడు. "రేపు ఓనరుతో మాట్లాడాక నేనే వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి చెబుతాను. ఇప్పుడు నేను ఇంట్లో లేనని చెప్పండి. ఈ ఒక్క పూట."

వదిన లేచింది. పొద్దున్నించి ఒంటిమీదే ఉన్న నీలం ఏప్రన్ ముడి విప్పి, మడిచి, ముక్కాలిపీట మీద పెట్టింది. ఆయన పక్కనుంచి, ఆయనకి తగలకుండా, నడిచి వెళ్ళి వీధి తలుపు తీసింది.

ముగ్గురూ తలలు దువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. కళ్ళద్దాలావిడ చేతిలో కొత్త తెల్లకాగితాలు, నలగకుండా ఒక పుస్తకం మధ్యలో పెట్టి ఉన్నాయి.

"కూర్చోండి," అంది వదిన. కుర్చీలు తనే జరిపింది. "అర్జీ తరవాత రాసుకుందాం. ముందు మేజర్‌గారు మీకు ఒక సంగతి చెప్పాలంట."

"మేజర్‌గారు ఏంటే కొత్తగా, మీ మరిదేగా!" నవ్వులమ్మ నవ్వింది.

వదిన నవ్వలేదు. గోడవారన, అందరి కంటే వెనకగా, నిలబడింది.

మేజర్ గదిలోకి వచ్చాడు. వాళ్ళు ముగ్గురూ గౌరవంగా లేవబోయి, ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపితే కూర్చున్నారు. కళ్ళద్దాలావిడ పుస్తకం ఒళ్ళో సర్దుకుని, పెన్ను మూత తీసి, కాగితం పైన ఇవాళ్టి తేదీ గుండ్రంగా వేసింది. తలెత్తి, కళ్ళద్దాలు సరిచేసుకుంది.

"చెప్పండి బాబూ," అంది. "మా టేబుల్ ఎత్తేయించింది ఎవరని రాయమంటారు?"